గాలిపడవలో ముందు ఆసనం

ఒకానొక రాజ్యంలో, పేరు చెప్పినా ఇప్పుడెవరూ గుర్తుపట్టరు లెండి, ప్రతాపకేతుడనే రాజుండేవాడు. మంచివాడే. కాకపోతే తాను చేసిన మేలు తానే పదిసార్లు చెప్పుకోనిదే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ రాజు గాలిపడవలు కట్టించాడు. మారుమూల ఊళ్లకు సైతం గాలిరేవులు వేయించి, సగం ఆసనాలు పేదలవేననీ, ఎడ్లబండి కిరాయికే ఎక్కవచ్చుననీ దండోరా వేయించాడు.

నీలగుట్ట పడవ మాత్రం రాజధానికి ఎప్పుడో గాని వచ్చేది కాదు. "నేడు ప్రయాణం లేదు" అని అక్కడి రేవు అధికారి పావురంతో చీటీ పంపేవాడు, అంతే.

"చూశావా కోనయ్యా!" అన్నాడు రాజు ఒకనాడు తన విదూషకుడితో. "మీ కొండవాళ్లకు ఎగరాలంటే భయం. పున్నమి దాటాక ఆ పడవ ఆపించేస్తాను."

కోనయ్యది నీలగుట్టే. అక్కడ అతని అక్క గౌరక్కకు చూపు రోజురోజుకూ మసకబారుతోంది. వెంటనే తీసుకొస్తే నిలబెడతానని రాజవైద్యుడన్నాడు. వానలకు ఏరు పొంగి బండిదారి కొట్టుకుపోయింది. ఆ పడవ తప్ప దిక్కులేదు.

"భయం కాదు ప్రభూ. అక్క నాలుగు రోజులుగా రేవుకు పోయి కూర్చుని, పడవ లేవక తిరిగి ఇంటికి పోతోందట. మొదటిరోజున తమరు ముందు ఆసనంలో కూర్చుని కొబ్బరికాయ కొట్టారు కదా! అధికారులు దాన్నే నియమం చేసేశారు. ఎవరో ఒక గొప్పవారు ముందు కూర్చుంటేనే పడవ లేస్తుంది. నీలగుట్టలో గొప్పవారెక్కడ దొరుకుతారు?"

"నా పడవకు ఆ మాత్రం మర్యాద ఉండొద్దటోయ్? ఒక్కపూట ఆగితే ఏం పోయింది?" అని రాజు కొట్టిపారేశాడు.

ఏం పోయిందట! కన్ను పోతోందయ్యా మహానుభావా అని అరవాలనిపించింది కోనయ్యకు.

మూడోనాడు పట్టాభిషేక దినం. ఆ రోజు మొదటి విస్తరి ముందు అతిథి కూర్చుని ముద్ద నోట పెట్టాకే రాజు భోంచేయాలని వంశాచారం. అతిథిని పిలిచే హక్కు విదూషకుడిది.

"ఈసారి మా అక్కను పిలుస్తున్నాను ప్రభూ" అన్నాడు కోనయ్య.

"భేష్! నా పడవలో రెండు గడియల్లో వచ్చి వాలుతుంది చూడు" అని రాజు మీసం దువ్వాడు. పిలుపు పావురంతో వెళ్లింది.

పండుగనాడు విస్తళ్లు వేశారు. పులిహోర చల్లారింది. గారెలు మెత్తబడ్డాయి. సామంతులు గుటకలు మింగుతున్నారు. మొదటి విస్తరి మాత్రం ఖాళీ. మధ్యాహ్నం దాటేసరికి రాజు కడుపులో ఎలుకలు పరుగెత్తసాగాయి.

"ఏదోయ్ మీ అక్క?"

కోనయ్య చీటీ విప్పి చదివాడు. "అతిథి పొద్దున్నే పడవెక్కి కూర్చున్నది. గొప్పవారు రానందున నేడు ప్రయాణం లేదు."

"అయితే ఆ చోట ఇంకెవరినైనా కూర్చోబెట్టు!"

"పిలిచిన అతిథిని కాదంటే ఆచారం తప్పుతుంది ప్రభూ. ఒక్కపూట ఆగితే ఏం పోయింది?"

రాజు ముఖం కందగడ్డయింది. కోనయ్య చేతులు జోడించాడు.

"అక్కడ ఆమె గొప్పవారి కోసం ఆగింది. ఇక్కడ గొప్పవారంతా ఆమె కోసం ఆగారు. ఎవరో ఒకరు కదలాలి మహారాజా. తమ ఆకలి సాయంత్రానికి తీరుతుంది. అక్క చూపు పోతే మళ్లీ రాదు."

రాజు గంటం అడిగి తానే రాశాడు: "ముందు ఆసనంలో ఎవరున్నా లేకున్నా పడవ వేళకు లేవాలి. అన్ని రేవులకూ ఇదే ఆజ్ఞ."

పొద్దు వాలేసరికి గౌరక్క వచ్చింది. విస్తరి ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ కూర్చుంది.

"ఇన్నాళ్లూ రాలేదేమమ్మా?" అన్నాడు రాజు.

"రోజూ వచ్చి కూర్చున్నాను బాబూ. గొప్పాయన రాలేదన్నారు. ఇవాళ వచ్చినట్టున్నాడు. నాకు కనబడలేదు గాని, ఎవరు బాబూ ఆయన?"

రాజు తల వంచుకుని, తానే ఆమెకు వడ్డించాడు. ఆమె ముద్ద నోట పెట్టాక తానూ నాలుగు మెతుకులు తిని, "ఒరే కోనయ్యా, నా వంశాచారంతోనే నన్ను పస్తుంచావు కదరా!" అని నవ్వి, చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

రాజవైద్యుడు ఒక కన్ను నిలబెట్టాడు. వారం ముందు తెచ్చుంటే రెండోదీ దక్కేదన్నాడు. ఆ వారం ఎక్కడ పోయిందో రాజుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.