చిన్నోడి తాగుడు

తెలివి అందరికీ ఉంటుంది, వాడేవాళ్ళే తక్కువ అని సూరిదేముడి నమ్మకం. మన తెలివి సంగతి మనకి తెలిసిందే గనక కాదనలేం. ముందు పోయే లారీ వెనక 'హారన్ కొట్టుము' అని రాసి ఉంటే మనలో ఎందరు దిగి కొడతాం? సూరిదేముడు మాత్రం బండి ఆపేవాడు. తమ్ముడు గవరయ్య కర్ర పట్టుకుని దిగి, తమ హారన్‌ని నాలుగు కొట్టి ఎక్కేవాడు. ఆ హారన్ మూగబోయి ఏడాదైంది. ఇంత కొడుతున్నా ఎందుకు మోగదో వాళ్ళకి అర్థం కాలేదు గానీ, లారీ మనసు తెలిసినవాళ్ళు తామిద్దరే అన్న గర్వానికి లోటు రాలేదు.

లారీ పేరు చిన్నోడు. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతారు. ఆ ఏడు చిన్నోడికి కొండెక్కే ఘాటు రోడ్డు చేతకాకుండా పోయింది. నాలుగు మలుపులు తిరిగేసరికి నల్లటి పొగ కక్కి నిలబడిపోయేవాడు. కొండమీద పసుపు షావుకారు జోగిరాజుగారు చూసి చూసి ఒక మాట చెప్పేశారు. సోమవారం పొద్దుటికి బండి పొగ లేకుండా, ఎక్కడా ఆగకుండా గోదాము ముందుకి వస్తే ఈ ఏడు పసుపు వాళ్ళది, లేదా వేరే లారీది.

అన్నదమ్ములు టౌనుకి పోయి మెకానిక్ హుస్సేనుకి చూపించారు. హుస్సేను కాసేపు విని, చిన్నోడు డీజిల్ తెగ తాగుతున్నాడన్నాడు. ఆరు ఇంజెక్టర్లకీ మూతులు అరిగిపోయాయట. తుంపరలా చిమ్మాల్సిన డీజిల్ ధార కడుతోందట, అందుకే ఆ పొగ. కొత్తవి కొనే తాహతు లేకపోతే ఇంజెక్టర్లు పాతవే ఉంచి మూతులు మాత్రం మార్చుకోవచ్చు, కన్నాలు ఒక్క సైజు పెద్దవి వేస్తే ఘాటు కూడా ఎక్కేస్తాడు, విప్పే కూలి మిగలాలంటే ఇంటి దగ్గరే విప్పి పట్రమ్మన్నాడు.

"విప్పాక నోళ్ళు మూసి తేవాలి. దుమ్ము పోయిందా, పని చెడుతుంది" అని మరీమరీ చెప్పాడు.

ఇంటికొచ్చి సూరిదేముడు తలొంచుకుని భార్య పైడమ్మకి విషయం చెప్పాడు.

"మన చిన్నోడు తాగుతున్నాడంట. పొగ కూడానంట."

పైడమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ డీజిల్ బంకు కాడ నిలబెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? సావాసం అలాటిది" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, తన తమ్ముడు అప్పలకొండ సంగతి గుర్తు చేసింది. వాడూ ఇలాగే తాగేవాడు. మాల వేసుకున్నాడు, అంతే, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. ముందు హుస్సేను మందు చూద్దాం, కాకపోతే అది ఉండనే ఉందనుకున్నారు.

మర్నాడు ఇంజెక్టర్లు విప్పి గోనె సంచిలో వేసుకుని బస్సెక్కారు. నోళ్ళు మాత్రం బిగించి మూసుకున్నారు. కండక్టరు ఎక్కడికని అడిగాడు. అన్న తమ్ముణ్ణి చూశాడు, తమ్ముడు అన్నని చూశాడు. పాపం మూగవాళ్ళు కాబోలని కండక్టరు సీటిచ్చి కూర్చోబెట్టాడు. టౌను వచ్చింది. ఆపమని చెప్పాలంటే నోరు తెరవాలి కదా. ఇంకేముంది, టౌను వెళ్ళిపోయింది. బస్సు ఆఖరి ఊరిదాకా పోయి, అక్కణ్ణుంచి పన్నెండు కిలోమీటర్లు వెనక్కి నడిచి, సాయంత్రానికి హుస్సేను షెడ్డులో ఉగ్గబట్టుకుని నిలబడ్డారు. హుస్సేను సంచి విప్పాడు. ఇంజెక్టర్ల నిండా గోనె పీచు, దుమ్ము.

"మీ నోళ్ళు కాదయ్యా, వీటి నోళ్ళు" అన్నాడు.

సూరిదేముడు నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "అది ముందే చెప్పాలి గదా బావూ."

హుస్సేను నవ్వు ఆపుకుని, అన్నీ కడిగి, మూతులు మార్చి, ఒక్కోటీ చిమ్మించి చూసి, గుడ్డముక్కల్లో చుట్టి ఇచ్చాడు. బిగించాక గాలి ఉండిపోతుంది, అది తీస్తే గానీ స్టార్టు కాదని చెప్పి పంపాడు.

శనివారం బిగించారు. ఇక గాలి తీయాలి. ఇంజెక్టర్లు ఆరు, టైర్లు ఆరు. లెక్క కుదిరేసరికి సూరిదేముడికి హుస్సేను మీద గౌరవం పెరిగింది. అంతే, ఆరు టైర్లకీ గాలి తీసేశారు. చిన్నోడు నేలకి కూలబడ్డాడు గానీ స్టార్టు కాలేదు. స్టెప్నీలో మిగిలి ఉంటుందని గవరయ్యకి తట్టింది. అదీ తీశారు. గవరయ్య సైకిలు గాలీ తీశారు. అప్పుడూ కాలేదు.

ఆదివారం కబురంది హుస్సేనే వచ్చాడు. చూశాడు. ఇంజను దగ్గర పైపు నట్టు వదులు చేసి, చేతిపంపు నొక్కి, బుడగలు పోయాక బిగించాడు. తాళం తిప్పగానే చిన్నోడు గుర్రుమన్నాడు. పొగ జాడ లేదు. సైకిలు పంపుతో ఏడు టైర్లకీ గాలి కొట్టేసరికి గవరయ్యలో ఉన్న గాలి పోయింది.

హుస్సేను వెళ్తూ, "ఇక తాగుడు సగానికి తగ్గుతుంది" అన్నాడు.

పైడమ్మ గుమ్మంలోంచి విన్నది. సగమేమిటి? సగం మానినవాడు మళ్ళీ మొదలెట్టడూ? సోమవారం తెల్లారగానే చిన్నోడికి తలంటి, అద్దానికి నల్లగుడ్డ కట్టి, తులసిమాల వేసింది. సూరిదేముడు దణ్ణం పెట్టి, 'స్వామీ' అన్నాడు. దీక్షలో ఉన్నవాడి కడుపులో ఆ సరుకు ఉంటే అపచారం కదా. ఇంకేముంది, ట్యాంకు మర తిప్పి చుక్క లేకుండా వంపేశారు.

స్టార్టు కాలేదు. గవరయ్య డీలాపడ్డాడు గానీ సూరిదేముడు నవ్వాడు.

"ఓరి పిచ్చోడా, మాలేసుకున్నోళ్ళు కొండెలా ఎక్కుతారు? నడిచే గదా."

అంతే, ఊళ్ళోని ఎనిమిది జతల ఎడ్లని అడిగి తెచ్చి చిన్నోడికి కట్టారు. పొగ లేదు, చప్పుడు లేదు. ఎక్కడా ఆగలేదు. పొద్దెక్కేసరికి గోదాము ముందు నిలబడ్డారు.

జోగిరాజుగారు ఎడ్లని లెక్కపెట్టి, ఇంజను మాటేమిటని అడిగారు. మాలలో ఉన్నాడనీ, నలభై ఒక్క రోజుల తర్వాత మాట్లాడుకోవచ్చనీ సూరిదేముడు వినయంగా మనవి చేశాడు. రాజుగారు పద్దెనిమిదిసార్లు శబరిమల వెళ్ళిన గురుస్వామి. అరుగు మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వి, "ఇనుముకి దీక్షలుండవు స్వామీ" అంటూ ఆయనే కళ్ళకద్దుకుని మాల తీశారు. తన డ్రమ్ములోంచి డీజిల్ పోయించి, పైపుల్లో గాలి తీయించి, పై మలుపుదాకా తోలమన్నారు. చిన్నోడు పొగ వదలకుండా జింకలా ఎక్కి దిగాడు.

"సరే సూరిదేముడూ, ఈ ఏడు పసుపంతా మీదే" అన్నారాయన, భోజనానికి లేస్తూ.

సాయంత్రం చిన్నోడు ఊళ్ళోకి దిగాడు. నిండు లోడు. ఊరంతా ఎదురొచ్చింది. పైడమ్మ హారతి పళ్ళెంతో వచ్చి వెనక తలుపు తీయించి చూసింది. లోపల పదహారు ఎడ్లూ ఒకదాన్నొకటి ఆనుకుని నెమరేస్తున్నాయి.

"పసుపేదీ?"

"కొండమీదే ఉంది. పాపం, ఇవి మనల్ని మోసుకెళ్ళాయి, దింపొద్దూ?" అన్నాడు సూరిదేముడు. "అయినా పసుపంతా మనదేనని రాజుగారే చెప్పారు. మనదయ్యాక ఎక్కడుంటే ఏటి?"

పైడమ్మ ఆలోచించింది. నిజమేననిపించి, ఎడ్లకి హారతిచ్చింది.