మేత వెయ్యని పొద్దు

ఎవరేం అడిగినా ఓబుళయ్య స్వామి నోటితో జవాబు చెప్పేవాడు కాదు, చేతికి పని అప్పజెప్పేవాడు. అనంతపురం వైపు ఆరెకరాల మెట్ట నేలలో ఆయన ఆశ్రమం. పేరుకే ఆశ్రమం, చూస్తే అచ్చం రైతు ఇల్లు. బ్రహ్మజ్ఞానం కోసం వచ్చి, రెండు సాళ్ళు కలుపు తీసి, నడుం పట్టుకుని వెళ్ళిపోయినవాళ్ళు బోలెడుమంది.

హైస్కూల్లో లెక్కలు చెప్పే నలభై ఏళ్ళ సుభాషిణి వచ్చి అడిగింది ఒక్కటే, నలభై రోజుల కటిక ఉపవాస దీక్ష ఇప్పించమని. మోకాళ్ళు అరుగుతున్నాయి, పదిహేను కిలోలైనా తగ్గాలి అంది. చెప్పనిది ఇంకొకటుంది. మూడు రోజులు మజ్జిగ మీద ఉంటుంది. నాలుగో రోజు వంటింటి తలుపు గడియ పెట్టుకుని చల్లారిన అన్నం, పిల్లల బిస్కెట్లు, డబ్బా అడుగున బెల్లం, ఏది దొరికితే అది, రుచి తెలియకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా తింటుంది. ఆపుదామన్నా చెయ్యి ఆగదు. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం, మర్నాటి నుంచి మళ్ళీ పస్తు. పదేళ్ళుగా ఇదే వరస. మోకాళ్ళకు చూపించుకోబోయి సగం చెబితేనే డాక్టరమ్మ పసిగట్టి, ఇది జబ్బేనని, వైద్యం ఉందని, ఫలానా చోటికి వెళ్ళమని చెప్పింది. తిండిపోతుతనానికి మందేమిటని సుభాషిణి వెళ్ళలేదు.

స్వామి ఆమె చెప్పిందంతా విని, ఉలవల నూర్పిడి అయ్యేదాకా ఎడ్లను చూసుకోమన్నాడు. సేద్యం చూసే చౌడప్ప పద్ధతి చెప్పి సంతకు పోయాడు. పొద్దున్నే ఎడ్లకు కడుపునిండా మేత వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి. ఆ తర్వాతే గింజ మీద మూతి పెట్టకుండా తాడుతో అల్లిన చిక్కాలు కట్టి కళ్ళంలో తిప్పాలి.

సుభాషిణికి ఈ పద్ధతి నచ్చలేదు. కడుపు నిండితే ఎవరికైనా బద్ధకమే, ఖాళీ కడుపుతోనే ఒళ్ళు చురుగ్గా ఉంటుంది అనుకుంది. తనూ వచ్చిన పొద్దు నుంచి మంచినీళ్ళ మీదే ఉంది. మేత వెయ్యకుండానే చిక్కాలు కట్టి ఎడ్లను కళ్ళంలోకి తోలి, వాటి వెనకే తిరిగింది. మనసు మాత్రం ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి తిరగమోత వాసన వచ్చినప్పుడల్లా అడుగు తడబడేది. ఎడ్లను అదిలించేది, ఎండ ఎంత ఎక్కిందో చూసేది, మళ్ళీ వంటింటి వైపు చూసేది. నల్లెద్దు చుట్టు తిరిగిన ప్రతిసారీ కుప్ప దగ్గర మెడ వంచి లాగుతుంటే, కక్కుర్తి ముండాకొడకా అని కసిరింది.

మధ్యాహ్నం నీళ్ళు పెడదామని చిక్కాలు విప్పింది. అంతే, నల్లెద్దు పగ్గం లాక్కుని పోయి ఉలవల కుప్పలో మూతి పెట్టింది. సుభాషిణి దాన్ని లాగింది, అరిచింది, కర్ర తీసుకుంది. అది కదల్లేదు. నమలడం లేదు, మింగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. ఎత్తిన కర్ర సుభాషిణి చేతిలోనే ఆగిపోయింది. ఆ తినడం ఎలాంటిదో ఆమెకు బాగా తెలుసు.

కాసేపటికి ఎద్దు డొక్క ఉబ్బి మూలగడం మొదలుపెట్టింది. సంత నుంచి వచ్చిన చౌడప్ప ఆమెను ఒక్క మాట అనకుండా, వెదురు గొట్టంతో నూనె తాపి, డొక్క రుద్ది, దాన్ని నడిపించమన్నాడు. తన చేతుల మీదుగా మూగజీవం పోతుందేమోనన్న భయంతో సుభాషిణి పొద్దు వాలేదాకా దాన్ని పట్టుకుని నడిచింది. చివరికి అది గట్టిగా తేన్చి పేడ వేసింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే స్వామి ఒక చంకెడు ఎండుగడ్డితో కొట్టంలోకి వచ్చాడు. సుభాషిణి అడ్డుపడి, నిన్న అంత తిన్నదాన్ని రెండు రోజులైనా పస్తు ఉంచొద్దా అని అడిగింది.

"నిన్న పొద్దున ఉంచితివి గదమ్మా," అన్నాడు స్వామి.

ఆయన గడ్డి పరిచాడు. ఎద్దు నిదానంగా నమలసాగింది. దాన్నే చూస్తూ నిలబడ్డ సుభాషిణి, తలెత్తకుండా, తలుపు గడియ సంగతంతా చెప్పేసింది.

అప్పుడు స్వామి దీక్ష ఇచ్చాడు. నలభై రోజులు, రోజూ పొద్దున్నే నలుగురిలో కూర్చుని తినాలి. ముందురోజు ఏం జరిగినా సరే ఆ పూట తప్పకూడదు. డాక్టరమ్మ చెప్పిన చోటికీ పోవాలి.

పస్తంటే సుభాషిణికి వచ్చిన విద్యే, ఇది రాదు.

"ముందురోజు అంత తిని, పొద్దున్నే మళ్ళీ నలుగురి ముందు విస్తట్లో చెయ్యి పెట్టాలంటే సిగ్గుతో చచ్చిపోనా స్వామీ?"

స్వామి ఎద్దు గంగడోలు నిమురుతున్నాడు.

"ఆ సిగ్గు తెలీదు గాబట్టే ఇది పొద్దున్నే మళ్ళీ మేసి బతుకుతాందమ్మా."