బుల్లి క్రేన్ నాలుగో కాలు

బండలకొండ మీద పొద్దెక్కినా మంచు విడలేదు. వానకు తడిసిన బండలు ఆ మంచులో తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. ఆ తెల్లదనంలోంచి, నిద్రలో నడుస్తున్నవాడిలా, పుల్లన్న అనే ఎద్దు తన బుల్లి క్రేన్‌ను లాక్కుంటూ వచ్చాడు.

దూడంత వెడల్పు ఉంటుంది ఆ క్రేన్. మెడ ముడిచిందంటే ఎంత ఇరుకు సందులోనైనా దూరుతుంది. లోపలికి వెళ్ళాక సాలీడులా నాలుగు కాళ్ళు చాపి, మెడ పైకి సాచి బరువెత్తుతుంది.

ఆ రోజు పని రెండు పెద్ద గుండ్ల మధ్య సందులో. అక్కడ కుందేలు సూరమ్మ బొరియ ఉంది. వానకు పైనుంచి రాతి పలక జారి బొరియకు అడ్డంగా పడింది. ఏనుగు వీరభద్రుడు అప్పటికే ప్రయత్నించాడు. ఒళ్ళు పట్టక, సందు మొదట్లో దిగులుగా నిలబడిపోయాడు.

పుల్లన్న పలకకు చెవి ఆనించాడు.

"సూరమ్మా, నేనమ్మా, పుల్లన్నని."

ఎక్కడో కలలోంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది ఆమె గొంతు. "గాలాడటం లేదు బాబాయ్. పిల్లల్లో కదలిక తగ్గిపోతోంది."

పక్కనే నక్క నాంచారయ్య ఉన్నాడు. కొండమీద బరువులెత్తే పనులన్నీ ఏనుగుకు కుదిర్చేది అతనే. కూలిగా వచ్చే చెరకులో సగం అతనిదే. ఈ బుల్లి క్రేన్‌కు పేరొస్తే తన దగ్గరికి ఎవరూ రారని అతని బెంగ.

"ఇదేనా నీ క్రేను? పిల్లలాడుకునే బొమ్మలా ఉందే."

"బొమ్మే అనుకో బావా. సందు కూడా చిన్నదేగా" అన్నాడు పుల్లన్న.

నేల మెత్తగా ఉంది కాబట్టి నాలుగు కాళ్ళ కిందా టేకు చెక్కలు వేశాడు. గొలుసు తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి పలకకు గొలుసు బిగించి, కొమ్ముతో మీట నొక్కాడు. పలక కాస్త లేచింది. అక్కడే ఆపి నాలుగు వైపులా చూడటం అతనికి అలవాటు. క్రేన్ కొద్దిగా ఒక పక్కకి ఒరిగింది.

పలకను మెల్లగా దించేశాడు. నాలుగో కాలి కింద బురదను డెక్కతో గీకాడు. టేకు కాదు, మెత్తటి మునగ చెక్క. ఇంకాస్త ఎత్తి ఉంటే క్రేన్, పలక రెండూ బొరియ మీదే పడేవి.

ఎవరు మార్చారో అతనికి తెలియదు. అడిగితే ఎవరూ చెప్పరని మాత్రం తెలుసు. బురద మళ్ళీ కప్పేసి తలెత్తాడు.

"పలక లేచాక గుండుకు కొట్టుకోకుండా ఎవరైనా తాడు పట్టుకోవాలి. నాంచారయ్య బావా, సన్నగా ఉంటావు, ఆ నాలుగో కాలి పక్కన నిలబడు."

"నాకు నడుం నొప్పి."

"ఊరికే పట్టుకుంటే చాలు."

"అయితే ఇటు పక్కన నిలబడతా."

"తాడు అటే వస్తుంది బావా."

"అటు నేను నిలబడను. ఆ చెక్క విరిగితే అంతా నా మీదే పడుతుంది."

"టేకు చెక్క ఎందుకు విరుగుతుంది?" నెమ్మదిగానే అడిగాడు పుల్లన్న.

మంచులోంచి ఏనుగు గొంతు బరువుగా వినిపించింది. "నాలుగు చెక్కలూ ఒకేలా ఉన్నాయిగా నాంచారయ్యా. అదొక్కటే విరుగుతుందని నీకెలా తెలుసు?"

నక్క చూపు తనకు తెలియకుండానే సందు మొదట్లో ఉన్న తుమ్మపొద మీదికి వెళ్ళింది. ఏనుగు తొండం ఆ వెనకే వెళ్ళి, దాచిన టేకు చెక్కను బయటికి తీసింది.

చెక్క మార్చి పుల్లన్న మళ్ళీ మీట నొక్కాడు. పలక చప్పుడు లేకుండా లేచింది. తన బరువు తానే మరిచిపోయినట్టు మంచులో ఊగుతూ పక్కకి వెళ్ళి, మెత్తగా నేల మీద వాలింది. సూరమ్మ ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని బయట పెట్టింది. చివరిది చాలాసేపు కదలలేదు. పుల్లన్న ముట్టె దగ్గరగా పెట్టి వెచ్చగా ఊపిరి వదిలాడు. దాని చెవి చిన్నగా వణికింది. పుల్లన్న కళ్ళు మూసుకున్నాడు.

నక్కను ఎవరూ తిట్టలేదు. "ఇకమీదట నా పనులు నేనే మాట్లాడుకుంటాను" అన్నాడు వీరభద్రుడు, అంతే. నాంచారయ్య తోక ముడిచి ఒంటరిగా కొండ దిగిపోయాడు.

ఒకరి కాలి కింద నేలను బోలు చేసినవాడికి, అక్కడ తన కాలు మోపే ధైర్యం ఉండదు.