పెరుగు పురుగుకి రాజుగారి పేరు

రేవలకోట రాజు ప్రతాపభూపతికి ఒక ఓడవర్తకుడు కొత్తరకం అద్దం తెచ్చిచ్చాడు. అందులోంచి చూస్తే ఆవగింజ గుమ్మడికాయంత కనిపిస్తుంది. ఇక రాజుగారు ఊరుకుంటారా? ఉంగరం చూశారు, గోరు చూశారు, చివరికి విస్తట్లో పెరుగుచుక్క కూడా చూశారు.

"అయ్యబాబోయ్! ఇందులో ఏవో పుల్లలున్నాయి!"

"పుల్లలు కావు ప్రభూ, ప్రాణమున్న పురుగులు. పాలని పెరుగు చేసేవి ఇవే. వీటికింకా ఎవరూ పేరు పెట్టలేదు" అన్నాడు వర్తకుడు.

అంతే, రాజుగారికి అదే ధ్యాస పట్టుకుంది. "ఇది ఏ జాతో తేల్చండి, పేరు పెట్టండి" అని సభలో ఆజ్ఞాపించారు.

ఆస్థాన పండితుడు గరుడాచార్యులు శాలువా సర్దుకుని లేచాడు.

"కాళ్లు లేవు, కనుక పశువు కాదు. రెక్కలు లేవు, కనుక పక్షి కాదు. నిటారుగా రాజదండంలా ఉంది, కనుక రాజజాతి! దీని పేరు ప్రతాపభూపతి!"

సభంతా చప్పట్లు కొట్టింది. కేశప్ప ఒక్కడే కిసుక్కుమన్నాడు. రాజుగారిని నవ్వించడమే కొలువులో అతని పని. కానీ కిందటి నెల రాజుగారి మీసం మీద ఒక మాట విసిరి కోపం తెప్పించాడు. అంతకుముందు బహుమానంగా ఇచ్చిన ఆవుని రాజుగారు వెనక్కి తోలించుకున్నారు. అప్పట్నుంచీ ఇంట్లో పిల్లలు పెరుగన్నం కోసం ఒకటే పేచీ.

"మళ్లీ నవ్వావా? పేరులో వంక చూపించు, లేదా కొలువు వదిలిపో!" అన్నారు రాజుగారు.

"పేరుకేం ప్రభూ, బంగారం! పాలలో వేసే పెరుగుచుక్కని ఇకమీద ఆ పేరుతోనే పిలవాలని దండోరా వేయించండి. రేపు పొద్దున్నే మారువేషంలో నాతో ఒక్క వీధి తిరగండి."

తెల్లారింది. ఇద్దరూ తలపాగాలు చుట్టుకుని ఒక గోడవార నిలబడ్డారు. గోడ అవతల ఆడవాళ్ల మాటలు వినిపించాయి.

"వదినా, కాస్త ప్రతాపభూపతిని పెడతావా? మావాడు పులిసిపోయాడు."

"మావాడూ అంతేనే! కంపు కొడుతుంటే ఇప్పుడే కుడితిలో పారబోశా."

"మా అత్తయితే వేలు ముంచి నాకి, 'ఈ రాజు పనికిరాడే, మార్చెయ్' అంది!"

రాజుగారి మొహం ఎర్రబడింది. మీసం అదిరింది. ఆ తరవాత పొట్ట కదిలింది. నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు.

సభకి రాగానే సంగతంతా చెప్పి, "అయితే మీ పేరే పెడదామా, ఆచార్యా?" అన్నారు.

"వద్దు ప్రభూ! మా వీధి ఆడవాళ్లు ఇంకా గడుసువాళ్లు!"

సభ గొల్లుమంది.

"మరి ఏం పేరు పెట్టాలి కేశప్పా?"

"మన అమ్మమ్మలు ఎప్పుడో పెట్టారు ప్రభూ, తోడు అని. ఒంటరి పాలతో జతకట్టి తనంతవాటిని చేస్తుంది. కాళ్లూ రెక్కలూ లెక్కపెట్టడమెందుకు? చేసే పనే చెబుతోంది, అది స్నేహితుల జాతి."

"భేష్! ఏం కావాలో కోరుకో!"

కేశప్ప తల గోక్కున్నాడు.

"మా ఇంట్లో తోడు ఉంది ప్రభూ. పాలే లేవు."

రాజుగారు పకపకా నవ్వి, ఆవునీ దూడనీ కలిపి తోలించారు.