కొట్టేసిన చోటు

పురుషోత్తానికి పెద్ద గరిటె కావాలి.

గోదావరి ఒడ్డున నిరంజనస్వామి నడిపే అన్నసత్రంలో గరిటెలకి కొదవలేదు గాని, పెద్ద గరిటె అంటే ఒకటే. ఇత్తడిది, మూరెడు కాడ. స్వామి తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. ఆయన తర్వాత అది ఎవరి చేతికి వస్తే సత్రానికి వాళ్ళే పెద్ద. స్వామికి డెబ్భై ఎనిమిదేళ్ళు నిండాయి. పురుషోత్తం పదకొండేళ్ళుగా అక్కడ వండుతున్నాడు. అతని చేతి పులుసు ఒకసారి తిన్నవాళ్ళు దారి మళ్ళించుకుని మరీ వస్తారు. ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ ఏడు ఐర్లండ్‌లోని తెలుగువాళ్ళు స్వామిని పిలిచారు. నాలుగు ఊళ్ళలో ప్రసంగాలు, చివరి ఆదివారం డబ్లిన్‌లో అందరికీ పంక్తి భోజనం. వంటకి పురుషోత్తం కూడా వెంట వెళ్ళాలి. స్వామి తన సంచిలో రెండు పంచెలు, అటుకుల పొట్లం, తువ్వాల్లో చుట్టిన పెద్ద గరిటె సర్దుకున్నారు. ఆ మూట చూశాక పురుషోత్తం ఇక ఆగలేకపోయాడు.

"స్వామీ, దానికి నేను తగనా?"

స్వామి సంచి మూతి బిగించి కట్టారు. "ఆ దేశంలో మంచి భోజనం దొరికే చోటు ఒక్కటి చూపించు నాయనా. తర్వాత మాట్లాడుకుందాం."

ఇంతేనా అనుకున్నాడు పురుషోత్తం. తిండి విషయంలో తనకి పరీక్ష పెట్టడమంటే చేపకి ఈత పరీక్ష పెట్టడమే. విమానం ఎక్కకముందే ఫోన్‌లో జాబితా తయారైంది. ఏ ఊళ్ళో ఏ హోటల్‌కి ఎన్ని నక్షత్రాలు వచ్చాయి, తిన్నవాళ్ళు ఏమన్నారు, శాకాహారులకి ఏముంది, అన్నీ రాసుకున్నాడు. నచ్చనివాటిని అడ్డంగా కొట్టేశాడు.

డబ్లిన్‌లో నది పక్కన ఒక హోటల్‌కి తీసుకెళ్ళాడు. వందల మంది మెచ్చిన చోటు. బండి చక్రమంత తెల్ల పళ్ళెంలో, నడిమధ్యన పిడికెడు బార్లీ అన్నం, పైన పుట్టగొడుగులు. పురుషోత్తం ముందు ఫోటో తీశాడు, తర్వాత రుచి చూసి కళ్ళు మూసుకున్నాడు. స్వామి పళ్ళెం ఖాళీ చేశారు. వడ్డించే అమ్మాయి వచ్చి ఇంకేమైనా కావాలా అని అడిగింది. పూర్వాశ్రమంలో స్వామి రైల్వే గార్డు, ఇంగ్లీషుకి లోటు లేదు. మన విస్తరి మీద పెట్టినట్టే పళ్ళెం మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలమ్మా" అన్నారు. ఆ పిల్ల చక్కగా నవ్వి పళ్ళెం తీసుకుపోయింది.

"ఎలా ఉంది స్వామీ?"

"చాలా బాగుంది."

"అయితే చోటు దొరికినట్టేనా?"

"తిండి దొరికింది" అన్నారు స్వామి.

గదికి వచ్చాక ఆయన పొట్లం విప్పి, అటుకుల్లో బెల్లం నంజుకుంటూ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. పురుషోత్తానికి మనసు చివుక్కుమంది. ఉప్పు తగ్గి ఉంటుంది అనుకున్నాడు.

కార్క్‌లో ఇంకా పెద్ద పేరున్న చోటు వెతికాడు. అక్కడా స్వామి "బాగుంది" అన్నారు, చెయ్యి అడ్డంపెట్టారు, గదికొచ్చి అటుకులు తిన్నారు. కారం చాలలేదేమో అని లిమరిక్‌లో పురుషోత్తం కందిపొడి పొట్లం జేబులో వేసుకుని వెళ్ళాడు. స్వామి కందిపొడిని కూడా మెచ్చుకున్నారు. ఆ సాయంత్రానికి అటుకులు గుప్పెడు మిగిలాయి.

ఇక మిగిలింది గాల్వే ఒక్కటే. సముద్రం మీంచి వచ్చే గాలికి అక్కడ వాన కూడా నిటారుగా పడదు. పురుషోత్తం మంచం మీద కూర్చుని జాబితాలో మొదటి మూడు పేర్లూ వాటి గొప్పలతో సహా చదివాడు. గొంతులో మునుపటి ధీమా లేదు. ఇదీ పోతే గరిటె పోయినట్టే.

స్వామి అంతా విని, "కొట్టేసినవి చదువు" అన్నారు.

"అవెందుకు స్వామీ?"

"ఊరికే."

పురుషోత్తం చదివాడు. ఒకచోట కుర్చీలు ఇరుకు. ఒకచోట శాకాహారం లేదు. ఇంకోటి మరీ చిన్నది, ఆరు బల్లలు. "దీని గురించి ఒకాయన ఏం రాశాడంటే స్వామీ, 'సూప్ ఫరవాలేదు. ఆ ముసలావిడ వద్దన్నా వడ్డిస్తుంది. మళ్ళీ వెళ్ళను' అని. ఒకే నక్షత్రం."

స్వామి లేచి శాలువా కప్పుకున్నారు.

"పద."

ఆ ముసలావిడ పేరు నోరీన్. ఆవిడకీ డెబ్భై దాటి ఉంటాయి. తాము మాంసం ముట్టమని చెప్తే, "ఇవాళ మాంసం వండనూ లేదు" అంటూ ఇద్దరి ముందూ గిన్నెలు పెట్టింది. బంగాళాదుంపలు, ఉల్లికాడలు మెత్తగా ఉడికిన చిక్కటి సూప్. పక్కన మజ్జిగ పోసి కలిపి కాల్చిన గోధుమ రొట్టె, మీద వేలెడు మందాన వెన్న. మజ్జిగ మాట వినగానే స్వామి ముఖం వికసించింది.

స్వామి గిన్నె ఖాళీ అయ్యేసరికి నోరీన్ తపేలా, గరిటె పట్టుకుని పక్కనే ఉంది. ఆయన చెయ్యి అడ్డంపెట్టి "చాలు తల్లీ" అన్నారు.

నోరీన్ గిన్నె చూసింది. ఆయన ముఖం చూసింది. తర్వాత ఆయన మణికట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిపింది.

"చెయ్యి తీయండి, కాలుతుంది" అని గరిటెడు పోసింది.

పురుషోత్తం సగం లేచాడు. స్వామి చెయ్యి పట్టుకుని పక్కకి తోసినవాళ్ళని అతను ఇంతవరకూ చూడలేదు. స్వామి మాత్రం భుజాలు కదిలేలా నవ్వుతున్నారు.

రెండోసారీ ఆయన చాలన్నారు. ఆవిడ మళ్ళీ ముఖం చూసి, మళ్ళీ చెయ్యి జరిపి, మళ్ళీ పోసింది. మూడోసారి "చాలు తల్లీ" అన్నప్పుడు చూసి, గరిటె తపేలాలో పెట్టేసింది.

"ఇప్పుడు నిజం చెప్పారు. మా ఇంట్లోనూ అంతే, మూడోసారికి గాని నిజం బయటికి రాదు."

"మా ఊళ్ళోనూ అంతే తల్లీ" అన్నారు స్వామి.

ఆవిడ పురుషోత్తం వైపు తిరిగింది. "నువ్వో?"

"వద్దండీ, థాంక్యూ" అన్నాడు అతను అలవాటుగా.

నోరీన్ అతని ముఖం ఒక్క క్షణం చూసి నిండా పోసింది. ఫోటోలు తీస్తూ, ఉప్పులూ కారాలూ తూస్తూ ఆరు రోజులుగా తనకీ కడుపు నిండలేదని పురుషోత్తానికి అప్పుడు తెలిసింది. తల వంచుకుని గబగబా తిన్నాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సూప్ వేడిగా ఉంది స్వామీ" అన్నాడు.

"మరే, వేడిగానే ఉంది" అన్నారు స్వామి, రొట్టె విరుస్తూ.

బయటికి వచ్చి నది గట్టు వెంట నడుస్తున్నారు. వాన వెలిసింది. కొంత దూరం పోయాక పురుషోత్తం నోరు విప్పాడు.

"ఇన్నాళ్ళూ మీకు ఆకలిగానే ఉందా స్వామీ?"

"ఉంది."

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు."

"ఆవిణ్ణి నేనేం అడిగాను?" అన్నారు స్వామి.

పురుషోత్తానికి సత్రంలో తన ముందు విస్తళ్ళ మీద అడ్డంపెట్టిన చేతులు గుర్తొచ్చాయి. "చాలు బాబూ" అంటే తన పులుసుకి మెప్పు అనుకుని ముందుకి సాగిపోయేవాడు. చేతులు గుర్తున్నాయి గాని, ఎంత తలుచుకున్నా ఒక్క ముఖమూ గుర్తు రాలేదు.

ఆదివారం డబ్లిన్‌లో హాలు నిండా జనం. కింద చాపలు పరిచి బంతులు వేశారు. గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలాడిపోతోంది. ఏ ఊళ్ళోనైనా మొదటి బంతికి స్వామే పెద్ద గరిటెతో వడ్డిస్తారు. ఆ రోజు మాత్రం ఆయన తువ్వాలు మూట పక్కన పెట్టుకుని బంతి చివర విస్తరి ముందు కూర్చున్నారు.

పురుషోత్తం మామూలు గరిటె తీసుకుని బకెట్‌తో బయల్దేరాడు. ఒక్కో విస్తరి దగ్గర వంగుతున్నాడు, ఆగుతున్నాడు. కొత్తగా ఆ ఊళ్ళో చదువుకోవడానికి వచ్చిన పిల్ల ఒకతె చెయ్యి అడ్డంపెట్టి "చాలండీ" అంది. అతను ఆమె ముఖం చూసి, "చెయ్యి తియ్యమ్మా, కాలుతుంది" అన్నాడు. ఆ పిల్ల నవ్వి చెయ్యి తీసింది. వెనకనించి ఎవరో పులుసు అమోఘం అన్నారు. అతనికి వినపడలేదు.

బంతి చివరికి వచ్చేసరికి బకెట్ అడుగంటుతోంది.

స్వామి తిని, చెయ్యి అడ్డంపెట్టారు. "చాలు నాయనా."

పురుషోత్తం చూశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి గురువుగారి మణికట్టు పట్టుకుని పక్కకి జరిపి, గరిటెడు పులుసు పోశాడు. స్వామి కలుపుకుని తిన్నారు. మళ్ళీ చెయ్యి అడ్డంపెట్టి, "చాలు" అన్నారు.

పురుషోత్తం మళ్ళీ చూశాడు. ఈసారి గరిటె బకెట్‌లో పెట్టేశాడు.

స్వామి ఎడంచేత్తో తువ్వాలు మూట అతని వైపు జరిపారు.

"ఇంకా రెండు బంతులున్నాయి, వెళ్ళు" అన్నారు.