వరహాలమ్మ హోటల్లో గోడ

మా గురువుగారు పరదేశి మాస్టారిని శాస్త్రం ఏమంటుందని అడిగితే ఆయనకి చిరాకు. "శాస్త్రం బీరువాలో ఉంది, తాళం కూడా వేయలేదు, తీసి చదువుకో" అంటారు. మనిషి తన ఇబ్బంది చెప్పుకుంటే మాత్రం ఎంతసేపైనా వింటారు. విని సలహా ఇవ్వరు. ఎవరో ఎక్కడో చేసిన పని ఒకటి చెప్పి ఊరుకుంటారు. సలహా కోసం వచ్చి కథ పట్టుకెళ్ళిన వాళ్ళలో సగం మంది మళ్ళీ రారు. మిగిలిన వాళ్ళం ఇలా ఆశ్రమం పట్టుకుని వేళ్ళాడుతున్నాం.

ఆ రోజు అడిగినవాడు సన్యాసిరావు. శనివారాల్లో మా ఆశ్రమంలో జరిగే అన్నదానం భారమంతా అతనిదే. చందాలిచ్చే పెద్దలు అతన్ని పిలిచి ఒక మాట చెప్పారట. రోడ్లు ఊడ్చేవాళ్ళని, కాలవలు తీసేవాళ్ళని అందరితో పాటు మొదటి పంక్తిలో కూర్చోబెట్టవద్దు, రెండో పంక్తిలో పెట్టు, అన్నం అదే, కూర అదే, కాస్త ఆలస్యం అంతే కదా అన్నారట. దానికి ఒప్పుకుంటే వారమంతా అన్నదానం జరిపిస్తామన్నారట.

"మంచి పని నిలబడడానికి ఒక చిన్న విషయంలో తగ్గితే తప్పా గురువుగారూ?" అన్నాడు సన్యాసిరావు. అడిగిన తీరు చూస్తే, తప్పు లేదనిపించుకుని పోదామనే వచ్చినట్టుంది.

గురువుగారు వరహాలమ్మ సంగతి ఎత్తుకున్నారు.

వరహాలమ్మ ఒక చిన్న ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఉద్యోగమంతా అక్కడే చేసింది. భర్త తవిటయ్య బస్సు కండక్టరు. "కాస్త సర్దుకోండి, కాస్త సర్దుకోండి" అని జనాన్ని వెనక్కి జరుపుతూ బతికిన మనిషి, ఇంట్లోనూ అదే గుణం. ఇద్దరూ రిటైరయ్యారు. ఊరి బయట కొత్త ఆసుపత్రి కట్టాక పాత భవనం పెంకులు జారిపోయి గబ్బిలాల పాలయింది. దాన్ని వేలంలో వీళ్ళు పాడుకున్నారు, హోటలు పెడదామని.

ఊరు నవ్వింది. కృష్ణా రామా అనుకోవలసిన వయసులో ఇదేం పోయేకాలం అంది. వాళ్ళు వినిపించుకోలేదు. ఆవిడ కొంగు బిగించి గోడలకి పెచ్చులు కట్టిన సున్నం గీకింది. ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి పెంకులు నేశాడు. పురుళ్ళ గది వంటగది అయింది. మందుల బీరువాలోకి ఊరగాయ జాడీలు వచ్చాయి. ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ ఇద్దరికీ ఒంటి నొప్పులు గుర్తుకి రాలేదు.

చిక్కంతా చివరి గదితో వచ్చింది. తూర్పున పెద్ద కిటికీలు, మంచి గాలి, చల్లటి గచ్చు. ఒకప్పుడు అది శవాల గది. బల్లలు అందులోనే వేస్తానంది వరహాలమ్మ.

అప్పుడు ఊరు నవ్వడం మానేసి మండిపడింది. బట్టల కొట్టు గున్నేశ్వరరావు ఆ వీధికి పెద్దమనిషి. ఆయన గుమ్మంలోనే నిలబడి, "శవాల్ని పడుకోబెట్టిన కాడ ఆకులేస్తావేటమ్మా? ఎవుడు తింటాడు? ఆ గది తీయించేసి శాంతి చేయించు. ఊరంతా నీ హోటల్లోనే తింటాది" అన్నాడు.

"మీ పిల్లలిద్దరికీ ఈ గోడల మధ్యే బొడ్డు కోసేను బాబూ. పుట్టడానికి పనికొచ్చిన చోటు తినడానికి పనికిరాదేటి?" అంది వరహాలమ్మ. "నా అన్నవాళ్ళు ఎవరూ రాని శవాల్ని ఆ గదిలో నా చేతుల్తో కడిగి, గుడ్డ కప్పి పంపేను. ఇప్పుడు శాంతి చేయిస్తే వాళ్ళు నాకు పీడ అని ఒప్పుకున్నట్టే. చస్తే ఒప్పుకోను."

గున్నేశ్వరరావు విసురుగా వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే తమ హోటలుకి రావలసిన జనం కూడా వెళ్ళిపోయారని తవిటయ్యకి అర్థమైంది. ఇద్దరూ దాచుకున్నదంతా ఆ పెంకుల కిందే ఉంది. ఆయనకి నిద్ర పట్టడం మానేసింది.

హోటలు తెరవబోయే ముందు వరహాలమ్మ తన చెల్లెలి కోడలికి పురుడు పోయడానికి పొరుగూరు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చివరి గదికి గుమ్మం లేదు. గుమ్మం ఉన్నచోట ఇటుక గోడ, గోడ మీద వెల్ల, దానికి వేలాడుతూ వినాయకుడి పటం.

"పడగొట్టలేదు కదా వరహాలూ. మూసేనంతే. గది ఎక్కడికీ పోలేదు" అన్నాడు తవిటయ్య ఆవిడ మొహం చూడకుండా. "కాస్త సర్దుకో."

ఆవిడకి దుఃఖం వచ్చింది. కాని ఆయన చిక్కి సగమై ఉన్నాడు. ఆ మొహం చూసి ఊరుకుంది.

హోటలు తెరిచారు. జనం విరగబడ్డారు. ఆవిడ చేతి పనసపొట్టు కూర కోసం పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చేవారు. తవిటయ్యకి మళ్ళీ నిద్ర పట్టింది. ఆవిడ నవ్వుతూనే వడ్డించేది, ఆ గోడ పక్కనుంచి నడిచేటప్పుడు మాత్రం తల అటు తిప్పేది కాదు. సిగ్గుపడుతున్నట్టు ఉండేదట. గురువుగారు ఆ మాట ఇంకోసారి అన్నారు, సన్యాసిరావు వైపు చూడకుండా.

ఒక మధ్యాహ్నం గున్నేశ్వరరావు కుటుంబంతో వచ్చి కూర్చున్నాడు. అన్నీ మెచ్చుకుంటూ తిన్నాడు. పెరుగన్నం దాకా వచ్చాక తేన్చి, "ఆ దరిద్రపు గది మూసేసి మంచి పని చేసేరమ్మా. ఇప్పుడు సుబ్బరంగా ముద్ద దిగుతోంది" అన్నాడు.

వరహాలమ్మ సాంబారు బకెట్టు కింద పెట్టింది. వంటగదిలోకి వెళ్ళి రోకలి తెచ్చింది. వినాయకుడి పటం తీసి, కళ్ళకద్దుకుని, పక్కనున్న బల్ల మీద పెట్టింది. తర్వాత ఇనప పొన్ను ఉన్న కొస ముందుకి తిప్పి గోడని పొడిచింది.

ఆకుల్లో ఇటుక పొడి పడింది. జనం లేచి కేకలు వేశారు. ఆవిడకి పిచ్చెక్కిందన్నారు, ఇంకా చాలా అన్నారు. గున్నేశ్వరరావు చెయ్యి కూడా కడుక్కోకుండా కుటుంబాన్ని లాక్కుని బయటపడ్డాడు. ఆవిడ ఎవర్నీ ఆపలేదు, పొడవడం మానలేదు. ఆయాసం వచ్చి ఒక్క క్షణం ఆగితే తవిటయ్య వచ్చి రోకలి పట్టుకున్నాడు. అడ్డం పడతాడనుకుని ఆవిడ విడిచిపెట్టలేదు.

"వదులు. కట్టించింది నాను. నానే కొడతాను" అన్నాడు తవిటయ్య.

మనిషి పట్టేంత సందు అయ్యాక ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కిటికీలు బార్లా తెరిచారు. గచ్చు తుడిచి, ఎదురెదురుగా రెండాకులు వేసుకుని భోజనానికి కూర్చున్నారు. వీధిలో గుంపు కట్టిన వాళ్ళందరికీ కనిపిస్తూనే తిన్నారు. ఆవిడ మారు వడ్డించుకుని మరీ తింది.

గురువుగారు అక్కడ ఆపేశారు. ఆయన కథలు నడిదారిలో ఆగిపోవడం మాకు అలవాటే. సన్యాసిరావుకి మాత్రం ప్రాణం ఊరుకోలేదు.

"మరి ఆ తర్వాత హోటలు నడిచిందా గురువుగారూ?"

గురువుగారు లేచి పంచె దులుపుకున్నారు.

"గోడ ఉన్నన్నాళ్ళూ బ్రహ్మాండంగా నడిచింది నాయనా" అన్నారు.