కొత్తది ఏదుంటే అది

పాడిదొడ్డిలో ఎనిమిది నీళ్ళ తొట్లు. ఒక్కో కుళాయికి ఒక్కో చిన్న కంప్యూటరు. వేసవికని ఆ కంప్యూటర్లు మార్చి కొత్తవి పెట్టారు. మళ్ళీ ప్రోగ్రాం ఎక్కితేగానీ నీళ్ళు రావు. ఏ ప్రోగ్రాం ఎక్కించాలో ఫైల్లో రాసేవాడు నక్క గుర్నాథం. దాన్ని చదివి, తప్పున్న చోట టక్కున పొడిచేది వడ్రంగిపిట్ట సీతాలు. పొడిస్తే ఫైలు కదలదు. ఒకరి గురించి చెడ్డగా చెప్పడం నాకు చేతకాదు గానీ, పొడుపు పడని ఫైలు గుర్నాథం జన్మలో రాయలేదు.

ఆ రోజు రాశాడు: "కుళాయి ప్రోగ్రాం: కొత్తది ఏదుంటే అది."

టక్!

"మళ్ళీ ఏం పుట్టింది కోడలా?"

"ప్రోగ్రాం నంబరు రాయి మామా. నిరుడు మనం వాడి చూసింది మూడో నంబరు."

"కొత్తదాన్ని మించింది ఉంటుందా?"

"ఏ పుట్టలో ఏ పాముందో!"

ఎద్దు లింగన్న వచ్చాడు. ఆలోచించి మాట్లాడతాడని పేరు. మాట్లాడేలోపు ఆలోచించింది మరిచిపోతాడు. "నీళ్ళెప్పుడర్రా? దూడల నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి."

"ఆలస్యమంతా ఈ పిట్టదే అన్నా! నా ఫైలు వదిలితే చిటికెలో తొట్లన్నీ నిండుతాయి. నిండితే ఇది దొడ్డి విడిచిపోవాలి. నిండకపోతే వేసవంతా తొట్లు నేనే కడుగుతా."

అందరూ తలలూపారు. దాహంలో తల తేలిగ్గా ఊగుతుంది.

గుర్నాథం ఆ వాక్యం పక్కన "ఇది చూడొద్దు" అని రాశాడు. అలా రాస్తే పిట్ట పొడవకూడదని నియమం.

"పొడవను మామా. వద్దన్నవాళ్ళు పేరూ కారణమూ రాయాలి. అదీ నియమమే."

"నాకేం భయమా?" రాసేశాడు.

ఫైలు వెళ్ళింది. మొదటి నాలుగు కుళాయిలకు అప్పటికి కొత్తదైన నాలుగో నంబరు ఎక్కింది, చుక్క రాలలేదు. అంతలోనే ఎక్కడో ఎవరో ఐదో నంబరు విడుదల చేశారు. మిగతా నాలుగింటికి అది ఎక్కింది. నీళ్ళు తొట్టి తప్ప అన్ని దిక్కులా చిమ్మాయి. ఎక్కువ భాగం గుర్నాథం మీదే.

"ఎవడి పనిరా ఇది?" అని అరిచాడు, తోక పిండుకుంటూ.

సీతాలు ఫైలు చదివింది: "పేరు: గుర్నాథం. కారణం: నాకంతా తెలుసు."

లింగన్న పుట్టాక మొదటిసారి ఆలోచించకుండా నవ్వాడు.

సీతాలు ఆ వాక్యం కొట్టేసి 'మూడు' అని రాసింది. ఎనిమిది తొట్లూ నిండాయి. దూడలు మూతులు ముంచి బుడగలూదాయి.

గుర్నాథం ఇప్పుడు తొట్లు శుభ్రంగానే కడుగుతున్నాడు.

టక్!

"ఆ మూల మామా."

చుట్టాన్ని పేరు పెట్టి పిలవాలి. ఎవరైనా సరే రమ్మంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.